పీటో గొట్టానికి పసుపు

పంతొమ్మిది వందల తొంభై ఆరు జనవరిలో, పటాన్‌చెరు దగ్గర కర్దనూర్ శివారులో కొత్తగా పెట్టిన ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో నేను చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. హోదా వినడానికి గొప్పగానే ఉంటుంది. నా కింద ఇంకో ఇన్‌స్ట్రక్టర్ ఎవరూ లేరు కాబట్టి చీఫ్ నేనే, మిగతావాడినీ నేనే. అంతకు ముందు చాలా ఏళ్లు పంటల మీద మందు చల్లే విమానాలు నడిపాను. ఆ పనిలో చెట్ల కొసలకు తగలకుండా ఇంటికి చేరడమే పెద్ద విద్య కనుక, ఈ కొలువు నాకు విశ్రాంతి అనుకున్నాను.

క్లబ్ అంటే ఒక రేకుల షెడ్డు, మొరం పోసి చదును చేసిన రన్‌వే, రెండు మైక్రోలైట్ విమానాలు. మైక్రోలైట్ అంటే పైపుల చట్రానికి గుడ్డ రెక్కలు బిగించి, పక్కపక్కన రెండు సీట్లు వేసి, వెనక చిన్న ఇంజన్ పెట్టిన విమానం. మా వాటిలో రేడియో లేదు. పక్కనే వాయుసేన శిక్షణ విమానాలు తిరిగే ఆకాశం కనుక మాకు ఆదివారాలు, సెలవు దినాలు మాత్రమే వదిలేవారు. అది కూడా ఎగిరే రోజు పొద్దున్నే ఫోన్ చేసి అనుమతి తీసుకుంటేనే. షెడ్డులో ఫోన్ సగం రోజులు పలికేది కాదు. పటాన్‌చెరు చౌరస్తాలో ఎస్‌టీడీ బూత్ దాకా స్కూటర్ మీద పోయి చేసి రావాల్సి వచ్చేది. ఆ బూత్ ముందు క్యూలో నిలబడిన ప్రతిసారీ నా ఉద్యోగాన్ని నేను తిట్టుకునేవాణ్ణి.

మా సభ్యులు కంపెనీ మేనేజర్లు, డాక్టర్లు, వ్యాపారస్తులు. వాళ్లు విమానంలో ఎక్కడికీ పోరు, చూసి తిరిగి వస్తారు. హైవే మీదుగా పోయి, పోతిరెడ్డిపల్లి కొత్త ఇళ్ల డాబాలు దాటి, సంగారెడ్డిని ఎడమ చేతికి వదిలేస్తే మంజీర కనిపిస్తుంది. అక్కడి దాకా చిమ్నీల పొగ, మందుల కంపెనీల వాసన వెంట వస్తాయి. ఆ తర్వాత ఒక్కసారిగా గాలి శుభ్రపడుతుంది. వానలు బాగా పడిన ఏడు నది ఒడ్డులు ఒరుసుకుని పారుతుంటే, చెరుకు తోటల నడుమ నల్లటి గుట్టలు తడిసి మెరుస్తాయి. అటు సింగూరు ప్రాజెక్టు నీళ్లు ఆకాశంతో కలిసిపోతాయి. అన్ని విమానాలు నడిపిన నాకు కూడా అది చూస్తే మనసు నిలిచేది కాదు, ఇంకా ముందుకు పోవాలనిపించేది.

ఆ సభ్యుల్లో ఒకరు విశ్వనాథం సేఠ్. సంగారెడ్డి గంజి మార్కెట్‌లో కందులు, మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం. లైసెన్స్ నా దగ్గరే తెచ్చుకున్నాడు. చెయ్యి మెత్తన, నోరు కఠినం. భార్య సరోజమ్మ అప్పటిదాకా విమానం ఎక్కలేదు. నేను చేరిన రెండో ఏడు దసరాకు మాత్రం ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని గుడిని పైనుంచి చూస్తానని ఒప్పుకుంది. పండుగనాడు పాలపిట్టను చూడటానికి జనం ఊరవతలికి పోతారు, సేఠ్ ఆకాశంలోకే పోతానని అందరికీ చెప్పుకుని తిరిగాడు.

దసరా నాడు ఈ ఫ్యాక్టరీల బెల్టులో పూజ జరగని యంత్రం ఉండదు. బాయిలర్లకు, లేత్ మిషన్లకు, ఫోర్క్‌లిఫ్టులకు, లారీలకు అన్నింటికీ బొట్లే. మా విమానాలకు మల్లమ్మ చేసేది. కర్దనూర్ మనిషి. షెడ్డు ఊడ్చడం, రన్‌వే మీదికి గొర్రెలు రాకుండా కాయడం ఆమె పని. నేను అనుమతి కోసం బూత్‌కు పోయి వచ్చేసరికి పూజ అయిపోయింది. రెండు విమానాల ముక్కులకు బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. మెకానిక్ యాదగిరి దండలు తీసేశాడు. సేఠ్ తన విమానం చుట్టూ తిరిగి, ఎగిరే ముందు చేయాల్సిన తనిఖీ చేస్తున్నాడు. లైసెన్స్ ఉన్న పైలట్ తన తనిఖీ తానే చేసుకోవాలి, నియమం అదే. అతను రెక్క దగ్గర వంగడం, చేత్తో తాకి చూడటం, లేవడం దూరం నుంచి నాకు కనిపించాయి. పుస్తకంలో సంతకం పెట్టి, అనుమతి వచ్చిందని చెప్పాను. సరోజమ్మ దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కింది. విమానం చక్కగా లేచింది.

తర్వాతి సభ్యుడి కోసం రెండో విమానం సిద్ధం చేయడానికి నేను వెళ్లాను. రెక్కకు ఊతగా ఉన్న కడ్డీకి బిగించిన పీటో గొట్టం ఆ చివర నుంచి ఈ చివర దాకా పచ్చగా ఉంది. గంధం కలిపిన పసుపు ఎండకు ఆరి పెచ్చు కట్టింది. దాని మీద వరసగా కుంకుమ బొట్లు. గోటితో గీకితే పెచ్చు ఊడింది. కింద రంధ్రాలు పూడుకుపోయి ఉన్నాయి.

ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆ గొట్టం వేలెడంత లావుంటుంది. దాని మూతి ఎదురుగాలిని పట్టుకుంటుంది. పక్కల ఉన్న సూదిమొన పట్టేంత రంధ్రాలు చుట్టూ ఉన్న మామూలు గాలి ఒత్తిడిని తీసుకుంటాయి. రెండింటి తేడానే డయల్ మీద ముల్లు వేగంగా చూపిస్తుంది. పక్క రంధ్రాలు పైన ఎగురుతుండగా మూసుకుపోతే, పైనున్న పలుచని గాలి లోపల చిక్కుకుంటుంది. అప్పుడు కిందికి దిగితే ముల్లు ఉన్న వేగం కంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. పరుగెత్తి పరుగెత్తి ఎర్ర గీత దాటుతుంది. ఎర్ర గీత దాటితే రెక్క విరుగుతుందని మేమే నేర్పుతాం. కాబట్టి పైలట్ భయపడి ఇంజన్ తగ్గిస్తాడు, ముక్కు పైకి లేపుతాడు. అసలు వేగం పడిపోతుంది, రెక్క గాలిని పట్టుకోలేక విమానం రాయిలా జారుతుంది. దాన్నే స్టాల్ అంటాం. నేల దగ్గర స్టాల్ అయితే చెప్పుకోవడానికి మనిషి మిగలడు.

పసుపు తడిగా ఉన్నప్పుడు సేఠ్ లేచాడు. అప్పుడు ముల్లు సరిగ్గానే పలికి ఉంటుంది. పైన గాలికి అది ఆరిపోతుంది.

మల్లమ్మను పిలిచి అడిగాను. "పోయిన యాడాది మూతి ముయ్యొద్దన్నరు గదా సార్. మూతికి పెట్టలే. పక్కపొంటి పూసిన," అంది. ఆ విమానానికి కూడా అంతేనా అంటే, "రెండింటికి ఒక్కతీర్గనే చేసిన, దేవునికి తేడా ఉంటదా," అంది. యాదగిరిని ఎందుకు తుడవలేదని గద్దించాను. "పండుగ బొట్టు సార్. వానకు పోతే పోవాలె గని మనం తుడుస్తమా? లారీలోళ్లు గూడ తుడవరు," అన్నాడు. అతనిది నిజమే. నా స్కూటర్ ముందు కిందటేడు బొట్టు మరక ఇంకా ఉంది, నేనూ తుడవలేదు.

నేల మీద నుంచి చేయగలిగింది ఒక్కటే: రన్‌వే పక్కన తెల్లగుడ్డతో పెద్ద క్రాస్ పరిస్తే దిగవద్దని అర్థం. కానీ దిగకుండా ఎంతసేపు తిరుగుతాడు? పెట్రోలు అయిపోతే దిగాల్సిందే. రేడియో లేదు. యాదగిరి చేత క్రాస్ వేయించి, రెండో విమానం గొట్టాన్ని తడిగుడ్డతో కడిగి, రంధ్రాలను ఒక్కొక్కటిగా సూదితో పొడిచి, నేనే ఎక్కాను.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ మరపు రాదు. రెండు విమానాలదీ ఒకటే వేగం. ఎంత తరిమినా ఇంజన్ అంతకంటే లాగదు. కింద లారీలు నన్ను దాటిపోతున్నట్టే ఉంది. చిమ్నీలు దాటాక కూడా ఎక్కడ చూసినా ఎండ మెరుపులు, కొంగలు. ప్రతి తెల్లచుక్కా ఆ విమానమే అనిపించేది. నదిలో ఏదో తెల్లగా కనబడితే దాని మీదికి దిగి చూశాను. అది ఇసుక మేట. నాకు భయం వేసింది, దానికి ఇంకో పేరు పెట్టను. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తలతిప్పి తిప్పి మెడ పట్టేసింది.

చివరికి మంజీర వంపు మీద, నాకంటే ఎత్తున, తాపీగా చుట్టు తిరుగుతూ కనిపించారు. నేను ఎక్కి పక్కకు చేరాను. రెండు రెక్కలు తగలకుండా, మనిషి ముఖం కనిపించేంత దగ్గరగా. సేఠ్ నన్ను చూసి సంబరంగా చెయ్యి ఊపాడు. పండుగ కదా, సార్ కూడా వచ్చాడనుకున్నాడట. నేను గొట్టం వైపు వేలు చూపించాను. మళ్లీ చెయ్యి ఊపాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపుదామంటే ఒక చెయ్యి విమానం నడిపే స్టిక్ మీద ఉండాలి. అప్పుడు నేను తిట్టిన తిట్లు ఇంజన్ చప్పుడులో కలిసిపోవడం ఇద్దరికీ మంచిదైంది.

అంతలో గుడి దగ్గరగా చూపించాలని అతను ముక్కు దించాడు. నేను కూడా దిగాను. కొద్దిగా దిగాడో లేదో ముక్కు పైకి లేచింది, ఇంజన్ చప్పుడు తగ్గింది. నేను అనుకున్నదే జరుగుతోంది. విమానం గాలిలో బరువుగా తూగింది, కుడి రెక్క వాలింది, కిందికి జారిపోయింది. నా పక్కన ఇంతసేపూ ఉన్న మనుషులు లేరు, నా కింద ఉన్నారు. ఎత్తు ఉంది కాబట్టి ముక్కు దానంతటదే దిగి, మళ్లీ వేగం పుట్టి, తేరుకుంది. ఇదే గుట్ట ఎత్తులో జరిగి ఉంటే తేరుకునేది కాదు.

నేను మళ్లీ పక్కకు చేరాను. ఇప్పుడు సేఠ్ చెయ్యి ఊపలేదు. ముఖం సున్నం కొట్టినట్టుంది. నేను నా డయల్ మీద అరచెయ్యి ఆనించి మూసి చూపించాను. ఎత్తి, మళ్లీ మూశాను. అతనికి అర్థం కాలేదు, డయల్‌నే చూస్తున్నాడు. సరోజమ్మకు అర్థమైంది. చెయ్యి చాచి, గాజులతో సహా, ఆ డయల్ మీద అరచెయ్యి పెట్టేసింది. అతను ఏదో అరుస్తున్నాడు, ఆమె తియ్యలేదు.

ఇక అతనికి చూడటానికి నేనే మిగిలాను. నా వెంట రమ్మని సైగ చేశాను. నేను ఎంత వేగంలో ఉంటే అతనిదీ అంతే, పక్కన ఉన్నంతసేపు అతని రెక్కకు భయం లేదు. సంగారెడ్డి డాబాలు, హైవే, చిమ్నీలు, అన్నీ వెనక్కి వచ్చాయి. పోయేటప్పుడు కదలని దారి వచ్చేటప్పుడు కూడా కదల్లేదు. యాదగిరి మమ్మల్ని చూసి క్రాస్ తీసేశాడు. రన్‌వే కొస దాకా పక్కనే దించుకొచ్చి, చక్రాలు నేలకు అందే ఎత్తులో నేను పక్కకు తప్పుకున్నాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక ఒక చుట్టు తిరిగి వచ్చాను. అప్పటికి అతని విమానం మొరం మీద నిలబడి ఉంది. సరోజమ్మ ఇంకా చెయ్యి తియ్యలేదు.

దిగాక ఆమె చెప్పిన సంగతి ఒకటి. ఆ రంధ్రాల గాలితోనే పనిచేసే ఎత్తు ముల్లు కూడా పైన బిగుసుకుపోయిందట. "జూడు, ముల్లు కదలకుంట ఎట్ల నడుపుతున్ననో," అని సేఠ్ ఆమెకు గొప్పలు చెప్పాడట.

భయం పోయాక అతనికి కోపం వచ్చింది. మల్లమ్మను ఆ క్షణమే తీసెయ్యాలన్నాడు. మా ప్రాణాలు పోతుండె, ఇది ఇగ ఈడ ఉండొద్దన్నాడు. మల్లమ్మ షెడ్డు గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. సరోజమ్మ మధ్యలోకి వచ్చింది.

"ఆమెనెందుకంటరు? ఎక్కేముంగట ఆ గొట్టం ముట్టి కండ్లకద్దుకున్నది మీరే గదా. మీ వేళ్లకు పసుపు అంటలేదా?"

సేఠ్ చేతులు చూసుకున్నాడు. రెండు వేళ్ల కొసలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆ తర్వాత అతను మల్లమ్మ గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. నేను దూరం నుంచి తనిఖీ అనుకున్నది మొక్కడం.

నేను పైవాళ్లకు నివేదిక రాశాను. పూజ మానెయ్యాలని వాళ్ల నుంచి జవాబు వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మానేస్తే దొంగచాటుగా చేస్తారు, అప్పుడు ఎక్కడ పూశారో కూడా తెలియదు. మరుసటి దసరాకు మల్లమ్మ పళ్లెం పట్టుకుని షెడ్డు బయటే నిలబడింది, లోపలికి రానంది. నేనే పిలిచి, గొట్టం మొత్తానికి ఎర్ర టేపు చుట్టి, దాని మీద బొట్లు పెట్టించాను. పూజ అయ్యాక బొట్లతో సహా టేపు ఆమె చేతనే ఊడదీయించాను.

ఈ వృత్తిలో ముట్టుకోవడం వేరు, పరీక్షించడం వేరు. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. గౌరవం ఉన్న వస్తువును మనిషి కళ్లకద్దుకుంటాడు గాని గోటితో గీకి చూడడు. విమానాన్ని మాత్రం గీకే చూడాలి. ఆ దసరా నుంచి రిటైరయ్యే దాకా, ఏ పైలట్ సంతకానికి వచ్చినా పుస్తకం తెరవకముందు వేళ్లు చూపించమని, వాటికి ఏదైనా అంటి ఉంటే అది ఎక్కడిదని అడిగాను. కొందరు నవ్వారు, కొందరు చిన్నబుచ్చుకున్నారు. చూపించనివాళ్లను ఎగరనివ్వలేదు.