నాకు పెట్టని బాదంపప్పు

మా మనవరాలు డాక్టరు చదువుతోంది. నిన్న పుస్తకంలో మెదడు బొమ్మ చూపించి, "అమ్మమ్మా, ఈ చిన్న ముక్క పేరు అమిగ్డలా. గ్రీకు భాషల బాదం అని అర్థం. అట్లనే ఉంటదని ఆ పేరు పెట్టిండ్రు. కోపం, భయం పుట్టేది ఈడనే," అంది.

నాకు వెంటనే నానిన బాదం వాసన తగిలింది. ఒళ్లు మండింది.

పందొమ్మిది వందల యాభైల్లో, నా చిన్నప్పుడు తాండూరులో, తెలివి పెరుగుతుందని మా నాయనమ్మ రోజూ ఐదు బాదంపప్పులు నానబెట్టేది. తెల్లారి పొట్టు తీసే పని నాది. తినే పని మా అన్నయ్యది. వాడికి ఎక్కాలు రావు, నాకు పదహారో ఎక్కం దాకా వచ్చు.

ఒకరోజు ఒకటి నోట్లో వేసుకున్నాను. నాయనమ్మ చూసి, దవడలు పట్టుకుని కక్కించింది.

"ఆడపిల్లవు, నీకెందుకే గింత దిమాక్? రొట్టెలు చేసుడుకు దిమాక్ గావాల్నా?"

"మరి నాకు తలకాయ లేదా?" అని అరిచాను.

తిన్న బాదం తలలోకి పోయి అక్కడే ఉండిపోతుందనుకునేదాన్ని. మా ఊళ్లో నాపరాయిని లోపల పగులుందేమోనని తట్టి చూసినట్టు నా తలను వేళ్లతో తట్టుకుంటూ, లోపల ఖాళీగా ఉందేమోనని చాలా రోజులు విన్నాను.

"ఒక్కొక్కరికి రెండుంటయ్ అమ్మమ్మా, కుడి దిక్కొకటి, ఎడమ దిక్కొకటి," అంది మనవరాలు.

"ఆడోళ్లకు సుత?"

"అందరికీ," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. రెండు! పుట్టుకతోనే, ఎవరూ నానబెట్టకుండానే, ఎవరూ పొట్టు తీయకుండానే. ఇన్నేళ్లు ఈ కోపాన్ని ఆరిపోకుండా కాపాడింది అవేనన్నమాట.

మరి ఆ ఒక్కదాన్ని నా నోట్లోంచి ఎందుకు కక్కించినట్టు?