ఏ చేత్తో కడతావో చూస్తా

మా ప్రేమకథ అడిగినవాళ్ళకి మా ఆయన సముద్రం గురించి చెప్తాడు. నేను ఇనప పైపు గురించి చెప్తాను. ఇద్దరం చెప్పేదీ ఒకే రోజు సంగతి.

అతనిది బందరు. రోల్డ్ గోల్డ్ గాజులూ గొలుసులూ చేసే చిన్న షెడ్డు వాళ్ళది. నేను ఆ పక్క వీధిలోనే ఒక కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. తెగిన గొలుసొకటి అతికించమని ఇచ్చి, అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. వెంట్రుక పట్టేంత సందు కూడా లేకుండా కొక్కెం అతికిస్తున్న అతని వేళ్ళని చూస్తూ ఉండిపోయాను. మర్నాడు బాగున్న గొలుసు తెంపుకుని మరీ వెళ్ళాను.

"ఇది మీరే తెంపారండీ. తెగినచోట తెలుస్తోంది" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే కోపం కూడా వచ్చింది. నాకు సిగ్గేసినా, ఏడుపొచ్చినా, ఆకలేసినా ముందు కోపమే వస్తుంది.

వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. మేం దివిసీమలో పొలాలూ రొయ్యల చెరువులూ ఉన్నవాళ్ళం. మా వైపు ఇంతకంటే వివరం ఎవరూ అడగరు.

నాకు ఏడేళ్ళప్పుడు నాన్న పోతే అమ్మనీ నన్నూ మావయ్య తన ఇంటికి తెచ్చుకున్నాడు. అమ్మకి ఒక్కడే తమ్ముడు. నన్ను బండి ముందు కూర్చోబెట్టుకుని బడికి దింపేవాడు. ఒకసారి బస్సులో కండక్టరు నన్ను కసిరాడని తెలిసి, మర్నాడు అదే బస్సు ఆపి, నలుగురిలో అతని చెంప పగలగొట్టాడు. ఆ పూటంతా గర్వంతో నేల మీద నడవలేదు నేను. కొట్టే చెయ్యి మనవైపున్నంతకాలం అది మనకి ప్రేమలాగే కనపడుతుంది. ఇది తెలుసుకోవడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది.

పాలకాయతిప్ప బీచికి వెళ్దామని పట్టుబట్టింది నేనే. మావయ్య చెరువులు అక్కడికి ఎంతో దూరం లేవు. "అక్కడొద్దు, మంగినపూడి పోదాం" అన్నాడతను. "భయమా?" అన్నాను. ఇంకేం చేస్తాడు, వచ్చాడు. ఇసకలో చేతులు పట్టుకుని నడిచాం. బజ్జీల బండివాడు నన్ను గుర్తుపట్టి ఫోను చేశాడు. బజ్జీలు చల్లారకముందే మావయ్య వచ్చేశాడు. వెంట ఇద్దరు మనుషులు. చెరువు గట్ల మీద తిరిగేటప్పుడు బండికి కట్టుకునే ఇనప పైపు మావయ్య చేతిలో ఉంది.

అరవలేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఏ చేత్తో పట్టుకున్నావురా దీన్ని?" అని అడిగాడు.

నా వెర్రిబాగులవాడు కుడి చెయ్యి చూపించాడు. ఆ ఇద్దరూ ఆ చెయ్యి లాగి బండి సీటు మీద ఆనించారు. మొదటి దెబ్బకి ముంజేతి ఎముక విరిగింది. రెండోదీ మూడోదీ వేళ్ళ మీద పడ్డాయి. నేను మావయ్య భుజం పట్టుకుని కొరికాను. చొక్కా చిరిగి నోట్లోకి నెత్తురు వచ్చేదాకా కొరికాను. వెనక్కి తిరిగి ఒక్కటి కొట్టాడు. జీవితంలో మొదటిసారి. ఇసకలో పడి లేచేసరికి, విరిగిన చెయ్యి పట్టుకుని అతను మోకాళ్ళ మీద ఉన్నాడు.

"ఇప్పుడు దీని మెళ్ళో తాళి ఏ చేత్తో కడతావో చూస్తా" అని, పైపు బండికి కట్టుకుని వెళ్ళిపోయాడు మావయ్య.

ఆ మాట నాకు దెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఈ మనిషి కట్టాలి, ఈ చేతులతోనే కట్టాలి, ఇంకొకళ్ళ చెయ్యి పడకూడదని ఆ ఇసకలోనే ఒట్టు పెట్టుకున్నాను.

ఆసుపత్రిలో అతను బండి స్కిడ్ అయిందని చెప్పాడు. నేను నోరు తెరవబోతే కాలితో నా కాలు నొక్కాడు. "కేసైతే మీ మావయ్య లోపలికెళ్తాడు. మీ అమ్మ మన పెళ్ళికి రాదు" అన్నాడు తర్వాత. ఆ మంచితనానికి అతన్ని కూడా కొట్టాలనిపించింది. బండి మీంచి పడ్డానన్నాడు కాబట్టి డాక్టర్లు విరిగిన ఎముక సంగతే చూశారు. వేళ్ళు కమిలాయన్నారు, అవే తగ్గుతాయన్నారు. కట్టు విప్పేనాటికి మూడు వేళ్ళు ముడవడం మానేశాయి. పట్టకారు పట్టుకోలేడు, అతుకు పెట్టలేడు. షెడ్డులో తన స్టూలు మీద చెల్లెల్ని కూర్చోబెట్టి, పక్కన నిలబడి పని చెప్తున్నాడు. అది చూసిన రోజు నేను తిన్నగా దివిసీమ బస్సెక్కాను.

ఇంట్లోకి వెళ్ళి టీవీ పగలగొట్టాను. అద్దం పగలగొట్టాను. "పెళ్ళి చేస్తారా, స్టేషన్‌కి వెళ్ళి జరిగింది చెప్పమంటారా?" అన్నాను. అమ్మ నా జుట్టు పట్టుకుంది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం గాజు పెంకుల్లో కూలబడి ఏడ్చాం.

"చేస్తానే. కానీ బుట్టలో నిన్ను మోసేది నా తమ్ముడే. వాడు మొయ్యకపోతే నేను పీటల దగ్గరికి రాను" అంది అమ్మ.

పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి పెళ్ళిపీటల దాకా మోసుకురావాలి. నాకు మేనమామంటే అతనొక్కడే. బుట్ట వద్దు, పూల చాందినీ కింద నడిచొస్తాను, ఇప్పుడందరూ అలాగే చేస్తున్నారని వాదించాను. అమ్మ వినలేదు. మావయ్య గోడకానుకుని నేల చూస్తూ, "మోస్తాను" అన్నాడు.

గుడివాడలో ఏసీ ఫంక్షన్ హాలు తీసుకున్నాం. పగటి ముహూర్తం. హాల్లో పెద్ద తెర, దాని మీద మా ఫోటోషూట్. ప్రతి ఫోటోలోనూ అతని కుడి చెయ్యి జేబులోనే ఉంది. బయట డ్రోను, లోపల క్రేను కెమెరా. తంతు బ్రాహ్మణ పురోహితులు చేశారు. అతని నాన్నగారు కోరినట్టు సాయంత్రం రిసెప్షన్‌లో పాస్టరుగారి ప్రార్థన పెట్టుకున్నాం. రెండింటికీ ఒకే సౌండ్ సిస్టమ్.

నెలరోజులు షెడ్డులో అభ్యాసం చేశాం. పసుపు రాసిన నూలు తాడు నా మెడలో వేసి, ఎడమ చేత్తో చుట్టి, కుడి బొటనవేలితో నొక్కిపట్టి ముడి వేసేవాడు. పదిసార్లలో ఆరేడు సార్లు పడేది. చెల్లెలు సాయం పడతానంటే నేను ఒప్పుకోలేదు.

బుట్టకి ఒకవైపు మావయ్య, ఇంకోవైపు అమ్మకి వరసకి తమ్ముడయ్యే ఆయన. లేపగానే మావయ్య చెమట వాసన తగిలింది. చిన్నప్పుడు బండి మీద వచ్చిన వాసనే. ఏడుపొచ్చింది, దాని వెనకే పగ వచ్చింది. బుట్ట అంచు పట్టుకున్న అతని మణికట్టు మీద నా గోళ్ళన్నీ దింపాను. పార్లరువాళ్ళు పెంచి అంటించిన గోళ్ళు అవి. నెత్తురు పూల మీద పడింది.

"గుచ్చమ్మా, గుచ్చు" అన్నాడు మెల్లగా. "పడిపోకుండా కూర్చుని గుచ్చు."

చెయ్యి వదల్లేదు. పీటల దాకా తెచ్చి, పసిపిల్లని దింపినట్టు దింపాడు.

జీలకర్ర బెల్లం అయింది. అరచేతులతో పని కాబట్టి ఇబ్బంది లేదు. పురోహితులు చెయ్యి ఊపగానే గట్టిమేళం అందుకుంది. ఆ నిమిషంలో ఏ అపశకునపు మాటా, తుమ్మూ వినపడకూడదని అంత గట్టిగా వాయిస్తారు. అతను నా వెనక్కి వచ్చాడు. చెల్లెలు జడ ఎత్తిపట్టుకుంది. కొత్త తాడు, పైగా పసుపు తడి. ముడి జారింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. అతని వేళ్ళు తాడు కొస వెతుక్కోవడం నా మెడకి తెలుస్తోంది. పెద్ద తెర మీద ఆ వంకర వేళ్ళు గజం పొడుగున కనపడుతున్నాయి. హాల్లో తలలు దగ్గరికొచ్చాయి.

"ఎవరైనా కాస్త పట్టుకోండమ్మా" అన్నారు పురోహితులు.

"నేను పడతాలే" అని మావయ్య చెయ్యి చాచాడు.

ప్రేమతోనే చాచాడని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడూ అనిపించింది. అదే భరించలేకపోయాను. విరగ్గొట్టిన చెయ్యే వచ్చి ముడి బిగిస్తుందా? కూర్చున్నచోటి నుంచే తిరిగి, గాజుల చేత్తో అతని మొహం మీద కొట్టాను. గాజులు పగిలాయి. చెంప చీరుకుపోయింది. తెర మీద అందరూ చూశారు. అమ్మ కెవ్వుమంది. మేళంవాళ్ళు, పాపం, ఇంకా గట్టిగా వాయించారు.

"అటు తిరుగు" అన్నాడు నా వెనక నుంచి అతను. తిరిగాను. అతను వంగాడు. తాడు ఒక కొస ఎడమ చేతిలో ఉంది. రెండో కొస పళ్ళతో పట్టుకుని లాగాడు. ఊపిరి వేడిగా వీపు మీదికి దిగింది. ఒక ముడి. రెండో ముడి. మూడోదానికి తల విదిలించి లాగినప్పుడు పన్ను నా మెడలో దిగింది.

"నొప్పా?" అన్నాడు, తాడు పళ్ళ మధ్యే ఉంచుకుని.

మావయ్య పక్కనే నిలబడి ఉన్నాడు, చెంప మీంచి నెత్తురు కారుతూ, గుప్పిట్లో అక్షింతలతో.

"ఇంకా బిగించు" అన్నాను, మావయ్యకి వినపడేలా.