పగులు మీద గాజుపలక

యీషున్‌లో నేను అద్దెకుండే ఫ్లాట్‌లో సాయంత్రం దీపం పెట్టే వేళకి, ఫ్రాన్స్‌లోని ఒక పల్లెలో మధ్యాహ్నపు గంట మోగేది. అది నా ఫోన్‌లోంచి వినబడితే గానీ ఇంటి యజమానురాలు ఆంటీ అగ్గిపుల్ల గీసేది కాదు. ఆవిడ ముత్తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చి, ఇక్కడి తంజోంగ్ పగార్ రేవులో మూటలు మోశాడట. నా ఉద్యోగం మాత్రం ఆవిడకి ఎప్పుడూ అంతుబట్టలేదు.

"ఎవరిదో పల్లె చర్చికి నువ్వు చరిత్ర రాయడమేంటమ్మా? ముందు మకాన్ చెయ్యి, అన్నం చల్లారిపోతోంది. అదెక్కడికీ పోదు లా!"

పోతుందనే నా భయం. ఇక్కడి యూనివర్సిటీలో నా పని, పాత కట్టడాల రాళ్ళు చూసి వాటి వయసు తేల్చడం. ఆ చర్చిని మధ్యయుగంలో రైతులు పొలాల్లో ఏరిన రాళ్ళతో పొట్టిగా కట్టుకున్నారు. గోడలు లావే గానీ పునాదికి లోతు లేదు. కొన్ని తరాలకి ద్రాక్షతోటలు బాగా పండాయి. పక్క ఊరి గోపురం కన్నా ఎత్తుండాలని అదే గోడ మీద గంటగోపురం లేపారు. విప్లవం రోజుల్లో గంటను దించి కరిగించారు. తర్వాతి వాళ్ళు పంతానికి ఇంకా బరువైనది వేలాడదీశారు. తాడు లాగితే తప్ప, అది ఎంత గాలికీ కదలదు. ఇందరి గొప్పలూ మోస్తున్నది ఆ మొదటి రైతుల గోడే. దాని మీద నిలువునా పగులు.

పోయిన ఏడాది వెళ్ళినప్పుడు ఆ పగులుకి అడ్డంగా పల్చటి గాజుపలక అతికించి వచ్చాను. గోడ కదిలితే గాజు పగులుతుంది. తాళంచెవి ఒక ముసలావిడ దగ్గర ఉండేది. చర్చి తుడవడం, మధ్యాహ్నం తాడు లాగి గంట కొట్టడం వాళ్ళింటి ఆడవాళ్ళకి తరతరాలుగా వస్తున్న పని. గంట కొట్టేముందు ఆవిడ రోజూ ఫోన్‌లో పలక చూపించేది. రోజూ బాగానే ఉండేది.

ఆ సాయంత్రం ఆంటీ నా భుజం మీదుగా తొంగిచూసింది.

"ఎంత శుభ్రంగా ఉంచింది, మహాతల్లి! గాజు చూడు, తళతళా మెరిసిపోతోంది!"

నేను ఫోన్ దగ్గరికి తీసుకుని చూశాను. చుట్టూ గోడంతా రాలిన సున్నం పొడి. ఏడాదిగా అక్కడే ఉన్న పలకకి అంత మెరుపెక్కడిది?

"మదామ్, అది నేను పెట్టిన గాజేనా?" అని ఫ్రెంచిలో అడిగాను.

ముసలావిడ కాస్త సిగ్గుపడింది. "పగిలినవి దేవుడింట్లో ఉంచకూడదు కదా. పగిలినప్పుడల్లా మా ఫొటోల అద్దాల్లోంచి కొత్తది కోసి పెడుతున్నాను. అచ్చం మీరు పెట్టినట్టే."

నాకు ముక్కు మీద కోపం. అయినా అరవలేకపోయాను. పగిలిన అద్దాన్ని మా అమ్మ కూడా పూటసేపు ఇంట్లో ఉండనిచ్చేది కాదు.

"ఎన్నిసార్లు పగిలింది?"

"మొదట్లో ఎప్పుడో ఓసారి. ఈ వారం మాత్రం రోజూ."

"ఇవాళ గంట కొట్టకండి. బయటికి వచ్చెయ్యండి."

"వేళవుతోంది. మా అమ్మ యుద్ధంలో కూడా మానలేదు," అంటూ తాడు అందుకుంది.

"ఆ గోడ మీ మీద పడితే నేనేం కావాలి?" అని ఏడ్చేశాను. ఆంటీకి ఫ్రెంచి ముక్క రాదు. నా ఏడుపు చూసి ఫోన్ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది.

ముసలావిడ తాడు వదిలింది. గొణుక్కుంటూ బయటికొచ్చి తలుపు వేసి తాళం పెట్టింది. నన్ను ఊరడించడానికి కాబోలు, తాళంచెవి ఎత్తి చూపించింది. ఆవిడ వెనక ఎండలో గోపురం నిలబడి ఉంది.

"సరేనా? మా ఊళ్ళో మధ్యాహ్నం గంట మోగకపోవడం ఇదే మొదటి..." అంటుండగానే గంట మోగింది. ఒక్క దెబ్బ.

ఆంటీ అలవాటుగా అగ్గిపుల్ల గీసింది. ముసలావిడ చేతిలో తాళంచెవి వంక చూసుకుంది, తలుపు వంక చూసింది.

"లోపల ఎవరూ లేరు," అంది.

"పరిగెత్తమ్మా!" అని అరిచాను, తెలుగులో.