టీఆర్‌ఎన్‌ఏ మోసుకొచ్చేవి

కాకినాడ నుంచి రాజమండ్రి బస్సులో నా పక్కన కూర్చున్న ఇంటర్ అమ్మాయి పాఠం బట్టీ పడుతోంది. ఎంఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏ నుంచి సందేశం తెస్తుంది, టీఆర్‌ఎన్‌ఏ అమైనో ఆమ్లాలను మోసుకొస్తుంది, ఆర్‌ఆర్‌ఎన్‌ఏ ఉన్న రైబోసోమ్ వాటిని ప్రోటీన్‌గా కలుపుతుంది.

"ఆ అమైనో ఆమ్లాలు ఎక్కడివమ్మా?" అన్నాను.

"నేనూ అదే అడిగానండి. పరీక్షలో రానిది అడిగానని సారు పీరియడంతా నిలబెట్టేశారు."

నాకు ఒళ్లు మండింది. అడిగితే శిక్ష వేసేది ఏం చదువు?

ఆమె తను తింటున్న వేరుశనగ గింజలు కొన్ని నా అరచేతిలో పోసింది. "వీటిల్లో ప్రోటీన్ అరిగితే వచ్చేవేనంటండి. ఫోన్లో వెతుక్కున్నాను."

కడియంలో దిగిపోయింది. ఇప్పటికీ వేరుశనగ గింజలు నోట్లో వేసుకుంటే, రుచికంటే ముందు ఆ సారు మీద కోపమే తగులుతుంది.