చిత్రిక పట్టిన చేప

మొన్న ఆదివారం మా మనవరాలు విశాఖపట్నం నుంచి ఏదో జపాను తిండి పొట్లం తెచ్చి, మా అనకాపల్లి ఇంటి వంటగదిలో వేడి వేడి అన్నం మీద అందులోని పొట్టు చల్లింది. వడ్రంగి చిత్రిక పడుతుంటే రాలే పొట్టులా పల్చగా ఉన్న ఆ రేకులు ఆవిరి తగిలి మెలికలు తిరుగుతుంటే, చూద్దువుగాని రమ్మని నన్ను పిలిచింది. గుమ్మం దాకా వెళ్లి, ఆ వాసన ముక్కుకి సోకగానే వెనక్కి వచ్చి వీధరుగు మీద కూర్చున్నాను. కడుపులో బాగా లేదని చెప్పాను. అబద్ధాలాడటం నాకు కొత్త కాదు లెండి, అందులోనూ ఈ పొట్టు విషయంలో.

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో విమానం ఎక్కి వచ్చినవాణ్ణి చూడటానికి పక్క వీధివాళ్లు కూడా వచ్చేవారు. మా ఫ్యాక్టరీకి జపాను మిషన్లు వచ్చినప్పుడు, వాటి పని నేర్చుకు రమ్మని ఇద్దరు ఫిట్టర్లను రెండు నెలలపాటు ఆ దేశం పంపించారు. ఒకణ్ణి నేను, చెరకు పండించే ఇంట్లో పుట్టి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కోగలిగినందుకే నెత్తిన కళ్లు పెట్టుకు తిరిగేవాణ్ణి. రెండోవాడు రాంబిల్లి దగ్గర పల్లెలో, సముద్రం మీదకి వేటకి వెళ్లే ఇంటివాడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం.

విచిత్రమేమిటంటే, చేపలు పట్టే ఇంట్లో పుట్టిన మా బావ చేప ముట్టడు. అందుకు కారణం ఫ్యాక్టరీలో నాకొక్కడికే చెప్పాడు. అతని అన్న ఏడేళ్ల కిందట వేటకి వెళ్లి తిరిగి రాలేదు, శవమూ ఒడ్డుకి కొట్టుకురాలేదు. శవం దొరకలేదు గనక నా కొడుకు పోలేదని వాళ్లమ్మ పట్టుబట్టి, దినం చెయ్యనివ్వలేదు సరికదా, పెద్దవాడు వచ్చి తన చేత్తో తెచ్చి పెట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ చేప తినకూడదని గంగమ్మకి మొక్కుకుంది. ఎండుచేపలు అమ్ముకుని బతికిన మనిషి గంప బోర్లించేసి, చెరకు తోటల్లో కూలికి పోయేది. మేమే తింటే మావోడు పోయేడని మేమే ఒప్పుకున్నట్టు బావా, అన్నాడు.

జపానులో చేప లేని ముద్ద ఎక్కడుంటుంది చెప్పండి. మా హాస్టల్లో వండిపెట్టే ముసలమ్మకి నా ఇంగ్లీషు రాదు, నాకు ఆవిడ భాష రాదు. అరచెయ్యి చేప తోకలా ఆడించి, బావని చూపించి, తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఆవిడ అర్థం చేసుకుని అతనికి వేరే గిన్నెలో కూరలూ చారూ పెట్టేది. నేను మాత్రం దొరికిందల్లా రుచి చూశాను. పంచదార లేని పచ్చటి టీ వేపాకు కషాయంలా గొంతు దిగలేదు. పప్పు ఉడకబెట్టి తీపి కలిపిన ముద్ద అచ్చం మన బూరెల్లో పూర్ణమే, కాకపోతే అనకాపల్లి బెల్లం పడలేదు పాపం. బావ మాత్రం ప్రతి పూటా, గిన్నె ముందు పెట్టగానే, ఇందులో సేప నేదు కదా బావా, అని నా మొహంలోకి చూసేవాడు. నేను లేదంటేనే అన్నం కలుపుకునేవాడు.

మొదట్లో ఆ అడగటం ముద్దుగా ఉండేది, పోనుపోను విసుగైంది. దానికి తోడు మాకు పని నేర్పే జపాను మేస్త్రీకి బావంటే ప్రాణం. తిరిగే ఇరుసు మీద చెయ్యి వేసి, బేరింగు ఎక్కడ అరిగిందో చెప్పేవాడు బావ, నేను పుస్తకమంతా తిరగేసినా చెప్పలేకపోయేవాణ్ణి. తిరిగి వెళ్లాక ఇద్దరిలో మేస్త్రీ పేరు రాసిచ్చిన ఒకరే సూపర్‌వైజర్. నాకు కడుపు రగిలిపోయింది, దాచుకోవడం ఎందుకు.

ఒక సెలవు రోజున మేస్త్రీ మమ్మల్ని సముద్రం ఒడ్డునున్న ఊరు చూపించడానికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. యజమాని గోధుమరంగు చెక్కముక్కలాంటి దాన్ని చిత్రిక మీద సర్రుసర్రున తోస్తూ పొట్టు తీసి, మరిగే నీళ్లలో వేస్తున్నాడు. బావ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఇదేమిటని సైగ చేస్తే, యజమాని నవ్వి, తడి బల్ల మీద వేలితో చేప బొమ్మ గీశాడు, అది చెక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టిన చేపట. బావ వస్తూ కనిపించాడు. నేను ఆ చేపని అరచేత్తో తుడిచేశాను.

అతను ఎప్పటిలాగే అడిగాడు. దాల్చినచెక్కలాంటి చెక్క పొట్టు బావా, కళ్లముందే చిత్రిక పడుతున్నాడు కదా, అన్నాను. నమ్మాడు. నమ్మి, గిన్నె ఎత్తి తాగి, ఇదేటో గాని బావా, మా అమ్మ సీర వాసనొత్తంది, అన్నాడు. కళ్లు చెమర్చాయి. ఇంకో గిన్నె అడిగి తాగాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఆ పాపం నాతోనే పోయేది. కాని మోసపోయినవాడికి తెలియకపోతే మోసం చేసినవాడికి తృప్తేముంటుంది. రెండో గిన్నె కూడా ఖాళీ అయ్యాక, మేస్త్రీ ముందే, పగలబడి నవ్వుతూ చెప్పేశాను. బావ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. గిన్నె బోర్లించి లేచాడు. ఆ మిగిలిన నెలా ఉత్త అన్నంలో ఉప్పు కలుపుకుని తిన్నాడు. చిక్కిపోయాడు, పని మీద ధ్యాస పోయింది. మేస్త్రీ కాగితం మీద నా పేరు రాశాడు.

ఇంటికొచ్చాక బావ ఈ సంగతి వాళ్లమ్మ దగ్గర దాచొచ్చు కదా, దాచలేదు. నెల తిరక్కుండా పెద్దకొడుక్కి దినం పెట్టింది ఆవిడ. పిలవడానికి బావే వచ్చాడు. వెళ్లకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని వెళ్లాను. ఆకులో అన్నం, చేపల పులుసు. అందరికీ చుట్టాలు వడ్డించారు, నాకు మాత్రం ఆవిడే వచ్చి వడ్డించింది. తిను బావూ, ఏడేళ్లయినా సముద్రం సెప్పనేదు, మావోడింక రాడని, నువ్వు సెప్పేవు, అంది. కోపం లేదు, ఏడుపూ లేదు. నా ఆకు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది. నేను తిన్నాను, ముళ్లు ఏరుకుంటూ అంతా తిన్నాను.

తరవాత బావ ఫ్యాక్టరీ మానేశాడు. నేను సూపర్‌వైజరుగా రిటైరయ్యాను.

ఇప్పుడు ఏ దేశపు తిండైనా అనకాపల్లి దాకా వచ్చేస్తోంది, పొట్లం మీద ఏమేం వేశారో అన్నీ అచ్చేసి మరీ వస్తోంది. తినేముందు పక్కవాడి మొహంలోకి చూడాల్సిన పని ఎవరికీ లేదు. మంచిదే. అయినా, లేదు అన్న నా ఒక్క మాట మీద పూటపూటా అన్నం కలుపుకున్న మనిషి నాకు మళ్లీ తారసపడలేదు.

మనవరాలు గిన్నె పట్టుకుని అరుగు మీదకే వచ్చి, ఇదేంటో చెప్పుకో చూద్దాం తాతా, అంది. చెక్క పొట్టు, అన్నాను, నాకు తెలియకుండానే. కాదు, ఇదిగో రాసుంది, చేప, అని పొట్లం నా కళ్ల ముందు పెట్టి నవ్వింది. చదువుకోవడానికి దానికి పొట్లం ఉంది. బావకి నేనే దొరికాను.