పడవకు ఒడ్డు కరెంటు

పడవకు కరెంటు పని ఉందని మా ఓనరు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు కరెంటు ప్యానెల్ బోర్డులు చేసే షెడ్డు మాది, ఇస్నాపూర్‌లో. బాయిలర్లకు కట్టాం, లేతు మిషన్లకు కట్టాం గానీ పడవకు బోర్డు ఎవరు కడతారు? తొంభైల నడుమ సంగతి. భూములు ఫ్యాక్టరీలకు అమ్ముకున్న ప్రతివాడికీ అప్పుడు మా వైపు ఏదో ఒక పిచ్చి పట్టింది. ఒకడు ఫంక్షన్ హాలు కట్టాడు, ఒకడు కోళ్లఫారం పెట్టాడు. మాకు పనిచ్చిన ఈ పటేలు మాత్రం సంగారెడ్డి అవతల ఒక పెద్ద చెరువులో ఇనుప పడవ దించాడు. ఫ్యాక్టరీ ఆఫీసర్లు పెళ్లాం పిల్లలతో వచ్చి అందులో కూర్చుని కూల్‌డ్రింకులు తాగుతారట.

పడవ ఒడ్డున కట్టి ఉన్నంతసేపూ దాని ఫ్రిజ్, ఫ్యాన్లు, టేపు రికార్డరు ఒడ్డు మీది బోరు మోటారు షెడ్డు కరెంటుతో నడవాలి. అందుకు నేను పడవలో బోర్డు కట్టి, రెండు బ్రేకర్లు పెట్టాను. ఒకటి లోడు ఎక్కువైతే పడిపోయేది. రెండోది లీకేజీ బ్రేకరు. కరెంటు కాస్త దారి తప్పి ఇనుములోకో నీళ్లలోకో పోయిందంటే టక్కున పడిపోయి కరెంటు ఆపేస్తుంది. పటేలుకు ఈ రెండోది మొదటినుంచీ గిట్టలేదు.

"మా మోటారుకు ఫ్యూజే లేదు. మందం తీగ చుట్టినం. నడుస్తలేదా?" అన్నాడు.

"మోటారు గట్టు మీదుంటది పటేలా. ఇది నీళ్ల మీదుంటది."

"నీళ్లయితె ఏంది, సల్లగుంటది గద" అని తన మాటకు తనే నవ్వుకున్నాడు. ఇలాంటి తెలివికి జవాబు చెప్పే ఓపిక నాకు ఏనాడూ లేదు. వైర్ల చుట్ట విప్పి పనిలో పడ్డాను.

పటేలు ఆ పడవకు ఒక మనిషిని పెట్టాడు. హత్నూర వైపువాడు, చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు. వచ్చినవాళ్లు ఎక్కేటప్పుడు పడవ ఊగకుండా, నడుములోతు నీళ్లలో నిలబడి దాని అంచు రెండు చేతులా పట్టుకోవడం అతని పని. ఒడ్డున మెట్లు కట్టించొచ్చు. మనిషి ఉండగా మెట్లెందుకన్నది పటేలు లెక్క. ఆ మనిషికి కూడా నా బ్రేకర్లంటే చులకనే. "నీళ్లు నాకు కొత్తనా?" అన్నాడు బీడీ ముట్టించుకుంటూ. నీళ్లు కొత్తకాదు, కరెంటు కొత్త అని చెప్పబోయేలోగా ముఖం తిప్పుకున్నాడు.

వైర్లు కనబడితే అందం పోతుందని పడవ ఇనుపగోడకు బిగించిన చెక్క పలకల వెనక నుంచి వేయించాడు పటేలు. ఒడ్డున కేబుల్ కలిపి నేను తిరిగి వచ్చేసరికి బోర్డు పైన లక్ష్మీదేవి పటం ఉంది. మా వైపు కొత్త మిషనుకైనా కొత్త దుకాణానికైనా ముందు పటం ఎక్కాలి, అందులో తప్పేమీ లేదు. కానీ ఈయన దాన్ని సరిగ్గా నా వైర్లు పోయిన పలకకే పొడుగు స్క్రూలతో బిగించి, కొబ్బరికాయ కొట్టి, హారతి కూడా ఇచ్చేశాడు. స్విచ్ వేయగానే లీకేజీ బ్రేకరు పడింది. మళ్లీ వేశాను, మళ్లీ పడింది.

"స్క్రూ వైరులకు దిగింది పటేలా. అవతల ఇనుముకు తాకుతున్నది. పటం తీయాలె."

"పూజ చేసిన పటం తీస్తరా? ఆఫీసర్లొచ్చే యాళ్లకు అపశకునం. నీ డబ్బనే ఖరాబున్నది."

అని ఊరుకున్నాడా? నన్ను పక్కకు నెట్టి, మోటారు షెడ్డులో మెయిన్ ఆపి, మోటారు స్టార్టర్లు కెలికిన అలవాటుతో రాగి తీగ తెచ్చి, బ్రేకర్లను తప్పించి డైరెక్టు కలిపేశాడు. మెయిన్ వేయగానే ఫ్యాన్లు తిరిగాయి. పెద్ద ఇంజినీరులా మీసం దువ్వుకుంటూ ఒడ్డున నిలబడ్డాడు.

అంతలో కట్ట మీద ఆఫీసర్ల జీపులు కనిపించాయి. పడవ మనిషి పంచె ఎగగట్టి నీళ్లవైపు నడిచాడు. ఉరికి వెళ్లి అతని జబ్బ పట్టుకున్నాను.

"అన్నా, జెర ఆగు. ఇది సూసి దిగు."

నా దగ్గర హోల్డరుకు రెండు పొడుగు తీగలు కట్టిన టెస్టింగు బల్బు ఉంది. ఒక తీగ భూమిలోకి దిగిన బోరు పైపుకు చుట్టి, రెండోది పడవ అంచుకు తాకించాను. పట్టపగలు, ఎండలో, బల్బు భగ్గున వెలిగింది.

"నీ చేతులు పడవ మీద, కాళ్లు నీళ్లల్ల. గీ బల్బు జాగల నువ్వుంటవు" అన్నాను.

అతను వంగి బల్బును చూశాడు.

"గదేం గాదు, దిగు. వాళ్లొచ్చిన్రు" అన్నాడు పటేలు.

అతను ఎగగట్టిన పంచెను మెల్లగా కిందికి దించుకున్నాడు. "అట్లయితె నువ్వే దిగి పట్టు పటేలా. నేనీడ నిలవడి సూస్త."

పటేలు బల్బును చూశాడు. నీళ్లను చూశాడు. జీపుల తలుపులు తెరుచుకుంటున్నాయి.

"మెయిన్ బందుపెట్టు" అన్నాడు నాతో, నా ముఖం చూడకుండా.

బంద్ చేసి వచ్చేసరికి ఆయన పడవలో చెప్పులు విప్పి, పటం ముందు చెంపలు వేసుకుంటున్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్ కోసం నా వైపు చేయి చాపాడు.