దొర కారు గొంతు మార్చిన ఉస్తాద్

కోరుట్ల ఉస్తాద్ పోయాడని ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లలో మా బిడ్డ ఇంట్లో చాయ్ తాగుతున్నాను. "అబ్బా పొద్దుగాల నమాజ్ చేసుకొని ఒరిగిండు చాచా, మల్ల లేవలే" అన్నాడు. పోయి మట్టి ఇచ్చి వచ్చాను. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వాకిట్లోకి పోతాను, మళ్లీ లోపలికి వస్తాను, దేనికి వచ్చానో తెలియదు. "ఏందే బాపూ, కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవు?" అని బిడ్డ కసురుకుంటోంది. రాస్తేనన్నా కుదురు వస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను.

ఉస్తాద్ కార్ల మెకానిక్. పల్చని రేకు ఏది కనిపించినా గోటితో నొక్కి చూడటం ఆయన అలవాటు. పెండ్లికి పోతే పళ్లెం అంచు నొక్కేవాడు. ఇంట్లో భార్య బీడీలు చుట్టేది. ఆకు కత్తిరించడానికి ఆమె కొలతగా పెట్టుకునే రేకు మాయమైతే నేరుగా షెడ్డుకే వచ్చేది. "నా రేకు తియ్యి. నీ ఎంజన్ల పెట్టినవో, ఇయ్యాల బువ్వ లేదు!" ఆయన కిక్కురుమనకుండా తీసి ఇచ్చేవాడు.

ఈ పిచ్చంతా షిమ్ముల కోసం. ఎంజన్‌లో రెండు భాగాల మధ్య ఎత్తు సరిచేయడానికి పెట్టే పల్చని రేకే షిమ్ము. ఆ రేకు దేనితో చేయాలన్న దాని మీద ఒకప్పుడు నా బతుకంతా ఆధారపడింది.

నేను జగిత్యాల పక్కన ఒక దొరకు డ్రైవర్‌ను. నక్సలైట్ అన్నల తిరుగుడు ఎక్కువయ్యాక దొర కోటలాంటి తన గడీని వదిలి కుటుంబంతో హైదరాబాద్ వెళ్లిపోయి, తన పాత విలాయతి కారును నాకే వదిలేశాడు. నల్ల కారుకు పచ్చ రంగు వేయించి జగిత్యాలలో కిరాయికి పెట్టాను. ఒక్క మనిషి ఎక్కితే ఒట్టు! రంగు మారింది గానీ చప్పుడు మారలేదు. ఎవరో మెకానిక్ ఎంజన్ తలను అరగదీసి, దానికి తగ్గట్టు మీది భాగాన్ని సరిచేయకుండా వదిలేశాడు. వాల్వులను నొక్కే రాకర్లు వంకరగా తగిలి టకటకమని మోగేవి. ఆ మోత వినపడితే ఊళ్లో మంచాల మీది మనుషులు లేచి నిలబడేవారు. దొర వస్తున్నాడని వాళ్లకు చెవులతోనే తెలిసేది. అన్నలకూ తెలుసు. ఏ మలుపులో ఎవరు ఆపుతారో, ఎటునుంచి తుపాకీ పేలుతుందోనని నాకు లోపల ఒకటే గాభరా.

"రంగు మార్చినవు తమ్మీ, గొంతు మార్చలె" అన్నాడు ఉస్తాద్, కారును ఆయన షెడ్డుకు తీసుకుపోతే. రాకర్ల స్టాండ్ల కింద షిమ్ములు పెట్టి ఎత్తు పెంచాలన్నాడు. చప్పుడు పూర్తిగా చావాలని ఇనుప రేకు వద్దనుకుని, మందపాటి ప్యాకింగ్ అట్టను కత్తిరించి బిగించాడు. స్టార్ట్ చేస్తే ఎంజన్ ఆడుతోందో లేదో తెలియనంత మెత్తగా ఉంది. ఇద్దరం మురిసిపోయాం.

మరునాడు రాయికల్ అవతలి ఊరికి కిరాయి దొరికింది. నిండు చూలాలిని జగిత్యాల దవాఖానకు తేవాలి. ఊళ్లోకి పోయేసరికి తలుపులన్నీ దబదబా మూసుకున్నాయి. మనిషితో కబురు పంపి నన్ను పిలిపించిన ఆమె భర్తే గోడ దూకి పసుపు చేన్లో పడి ఉరికాడు. ఆయన తల్లి వాకిట్లో చేతులు జోడించి, "నా కొడుకు ఇంట్ల లేడు సారూ, ఏమెరుగని పోరడు!" అని ఏడుపు. ఆ రోజుల్లో చప్పుడు లేకుండా ఊళ్లోకి వచ్చే కారు మఫ్టీ పోలీసులదే. ఆ ముక్క నాకు తట్టలేదు, ఉస్తాద్‌కూ తట్టలేదు. డ్రైవర్‌నని నమ్మించి, ఆయన్ను చేన్లోంచి పిలిపించి, ముగ్గురినీ ఎక్కించుకునేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

సగం దారిలో ఎంజన్ వేడికి అట్ట అణిగిపోయింది. పాత టకటక మళ్లీ లేచింది. వెనక సీట్లో నొప్పులు పడుతున్న ఆ పిల్ల ఒక్కసారిగా బిగుసుకుపోయింది.

"ఆపు. బండి ఆపు!"

"ఏమైందమ్మా?"

"గిది దొర కారు. మా అయ్యను గడీకి గుంజుకపోయిన నాడు గిదే సప్పుడు. అయ్య మల్ల రాలె. నేను గిండ్ల పోను."

భర్త బతిమాలాడు, అత్త తిట్టింది. దిగిపోయింది. చివరికి గడ్డి తీసుకుపోతున్న ఎడ్లబండి ఆమెను ఎక్కించుకుంది. ఆమెకు ఏమన్నా అయితే? దవాఖాన గేటు దగ్గర నిలబడి ఆ ఒక్క మాటే అనుకుంటూ సాయంత్రం దాకా అటూ ఇటూ తిరిగాను. ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ బాగున్నారని చెప్పాక అక్కడే కూలబడ్డాను.

ఇదంతా పోయి ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన మిగిలిన ప్యాకింగ్ అట్టంతా బయట పారేశాడు. "మెత్తటిది తొందరగ మాట వింటది తమ్మీ. దెబ్బకు అణుగుతది. అణిగితే పాతదే మల్లొస్తది" అన్నాడు. నూనె డబ్బా రేకు కొట్టి చూశాడు, ఇత్తడి కొట్టి చూశాడు. ఏదీ నచ్చలేదు. నన్ను వెంటేసుకుని సిరిసిల్ల బస్సెక్కాడు. అక్కడ చెక్క మగ్గాలు చేసే వడ్లాయన దగ్గర విరిగిన పాత రంపం ఉంది. ఉస్తాద్ దాన్ని వంచి వదిలాడు, టింగుమని నిటారుగా వచ్చి నిలబడింది. గోటితో నొక్కాడు. "గిదే" అన్నాడు.

ఆ బ్లేడును కాల్చి మెత్తబరిచి, బెజ్జాలు వేసి, మళ్లీ కాల్చి నూనెలో ముంచి గట్టిచేసి, స్టాండ్ల కింద బిగించాడు. పనిలో పనిగా చప్పుడు లేకుండా చెయ్యమన్నాను. ఇంతెత్తున లేచాడు.

"మల్ల గదే మాట! ఊర్లకు పోయే బండి జర మాట్లాడాలె. నువ్వొస్తున్నవని మందికి ముందుగాల తెల్వాలె."

వాల్వు మీద కొంచెం సందు వదిలాడు. ఎంజన్ సన్నగా, సమంగా పలికింది. నాకు నచ్చింది గానీ ఉస్తాద్ కిరాయికి మాత్రం పోనివ్వలేదు. "నువ్వు ఇంటె ఏం ఫాయిదా? గా పిల్ల ఇనాలె."

ఇద్దరం ఆమె ఊరికి పోయాం. పిల్లనెత్తుకుని వాకిట్లో ఉన్న ఆమె పక్కన నేను నిలబడ్డాను. ఉస్తాద్ కారును ఇండ్ల వెనక నుంచి, కనిపించకుండా తోలుకొస్తున్నాడు. చప్పుడు దగ్గరవుతున్నకొద్దీ నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమె పిల్లను గట్టిగా హత్తుకుంది. తల వంచి విన్నది. మళ్లీ విన్నది.

"ఎవలిదో, నాకెర్కలే" అంది.

కారు మలుపు తిరిగి ఎదురుగా వచ్చి ఆగింది. ఆమె పచ్చ కారును చూసింది, నన్ను చూసింది. ముందు చెప్పకుండా వినిపించినందుకు కోపమొస్తుందనుకున్నాను. నడిచి పోయి వెనక తలుపు తానే తీసింది. "మా అవ్వగారింటి దాక తీస్కపోతరా?" అని, సర్దుకుని కూర్చునే ముందు పిల్లను ఉస్తాద్ చేతుల్లో పెట్టబోయింది.

"చేతులకు ఆయిలున్నది బిడ్డా" అని ఆయన వెనక్కి జరిగాడు.

"ఉండనియ్యిండ్రి."

ఆయన తీసుకున్నాడు. ఎత్తుకోవడం రానివాడిలా రెండు చేతులూ చాచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పిల్లను చుట్టిన తెల్లగుడ్డ మీద ఆయన వేళ్లు నల్లగా అచ్చుపడుతున్నాయి. ఎంజన్ ఇంకా ఆడుతూనే ఉంది, పిల్ల నిద్రపోతోంది.